మద్దెల ఓడా, సెట్టింగ్స్ ఓడా?

ముందే చెప్పేస్తున్నా. నేను ఎల్‌కేజీ నుంచి ఇంగ్లీష్ మీడియం. ఇంటర్‌లో మార్కుల కోసం సంస్కృతం తీసుకున్న బ్యాచ్. కాబట్టి ఒత్తులు తప్పితే క్లబ్ వాళ్ళు దిద్దుకోవాలి. చెప్పాలనుకున్న విషయం మాత్రం సీరియస్సే. గేమ్ లాగ్ అవుతోందని ఇంట్లో కొత్త ల్యాప్‌టాప్ అడిగే ముందు డిస్‌ప్లే సెట్టింగ్స్ ఒక్కసారైనా తెరిచి చూడాలి. చూడకుండా అడగడం తప్పు అని నా అభిప్రాయం. ఆ తప్పు చేసిన వాడిగానే చెప్తున్నా.

మా హాస్టల్లో రాత్రి పది దాటితే ప్రతి రూమ్ నుంచీ ఒకటే కేక: "లాగ్ రా బాబూ, లాగ్!" చచ్చినవాడు ఎవడూ "నేనే సరిగ్గా కాల్చలేదు" అనడు. ఆడలేక మద్దెల ఓడు అని అమ్మమ్మ అంటుంటే చిన్నప్పుడు అర్థమయ్యేది కాదు, వాలరెంట్ మొదలుపెట్టాక బాగా అర్థమైంది. కానీ నా కేసులో మద్దెల నిజంగానే మోగట్లేదు. నాది ఐ5 ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్, విడిగా గ్రాఫిక్స్ కార్డ్ లేని మామూలు ల్యాప్‌టాప్. ఎదురుగా మనిషి కనపడి నేను మౌస్ తిప్పేలోపు స్క్రీన్ ఆగి, మళ్ళీ కదిలేసరికి నేను కింద పడి ఉండేవాణ్ణి.

ఒక రోజు వరసగా ఆరు మ్యాచ్‌లు ఓడిపోయి, ఆ కోపంలోనే నాన్నకి ఫోన్ చేశా. "నాన్నా, ల్యాప్‌టాప్ బాగా స్లో అయిపోయింది, కోడింగ్‌కి కష్టంగా ఉంది" అన్నా. కోడింగ్ అన్నది అబద్ధం. పైథాన్ ప్రోగ్రామ్‌లు దాని మీద హాయిగా నడుస్తున్నాయి. నాన్న "ఎంత అవుద్ది రా?" అన్నారు. "డెబ్బై అయిదు వేలు" అన్నా. కాసేపు ఏమీ మాట్లాడలేదు. "సరే, చూద్దాంలే" అని పెట్టేశారు.

రెండు రోజుల తర్వాత అమ్మ ఫోన్. "నాన్న ఈ నెలే చీటీ పాడేస్తానంటున్నారు రా. ఇంకా అయిదు నెలలు ఆగితే దాదాపు మొత్తం వస్తుంది, ఇప్పుడు పాడితే చాలా పోద్ది. నిజంగా అంత అవసరమా?" ఆ ప్రశ్నకి నా దగ్గర సమాధానం లేదు. "మళ్ళీ చేస్తా అమ్మా" అని కట్ చేశా.

ఆ రాత్రి పై ఫ్లోర్‌లో ఉండే ఫైనల్ ఇయర్ అన్న దగ్గరికి ల్యాప్‌టాప్ పట్టుకెళ్ళా. అన్న గేమ్ సెట్టింగ్స్‌లోకి వెళ్ళి ముందు ఎఫ్‌పీఎస్, పింగ్ రెండూ స్క్రీన్ మీద కనపడేలా పెట్టాడు. పింగ్ 40 దగ్గర కదలకుండా ఉంది. ఎఫ్‌పీఎస్ మాత్రం 35, 40 మధ్య కొట్టుకుంటోంది. "ఇది నెట్ కాదు రా" అన్నాడు.

ఇక్కడే మనం అందరం పప్పులో కాలేస్తున్నాం. మనం "లాగ్" అని ఒకే పేరుతో పిలిచేది నిజానికి వేరువేరు జబ్బులు. పింగ్ అంటే మన మాట సర్వర్ దాకా వెళ్ళి తిరిగి రావడానికి పట్టే టైమ్. అది పెరిగితే హాస్టల్ వైఫైని తిట్టుకోవాల్సిందే, డిస్‌ప్లే సెట్టింగ్స్ ఎన్ని మార్చినా రవ్వంత తగ్గదు. ఎఫ్‌పీఎస్ అంటే ల్యాప్‌టాప్ సెకనుకి ఎన్ని బొమ్మలు గీయగలుగుతోందో. అది మాత్రం మన చేతిలో ఉంది. ఏది పాడైందో చూడకుండా మందేస్తే ఎలా?

అన్న చేసింది పెద్ద మాయేం కాదు. 1920×1080 రిజల్యూషన్ అంటే ఒక్కో బొమ్మకి 20,73,600 చుక్కలు. 1280×720 అంటే 9,21,600. సగం కన్నా తక్కువ. నా బక్క ప్రాసెసర్ ప్రతి ఫ్రేమ్‌కీ అంత చాకిరీ చేస్తోందని నాకు తట్టనే లేదు. కంప్యూటర్ గ్రాఫిక్స్ యూనిట్ వన్‌లో ఫ్రేమ్ బఫర్ గురించి పది మార్కుల ఆన్సర్ రాసి పది తెచ్చుకున్నవాణ్ణి నేను! నా ఒళ్ళో ఉన్న ల్యాప్‌టాప్‌లో కూడా ఫ్రేమ్ బఫర్ ఉంటుందని గుర్తు రాలేదంటే మన చదువులు ఎలా ఉన్నాయో చూడండి.

రిజల్యూషన్ తగ్గించాడు, అదీ గేమ్ లోపలే. విండోస్‌లో తగ్గిస్తే మిగతా పనులప్పుడు అక్షరాలు అలుక్కుపోతాయి. చాలా గేమ్స్‌లో ఫుల్‌స్క్రీన్ పెడితేనే ఈ ఆప్షన్ కదులుతుంది, విండోడ్‌లో ఉంచి "మారట్లేదు" అని వదిలేసేవాళ్ళు ఉన్నారు. అంచులు నున్నగా చేసే యాంటీ ఏలియసింగ్ తీసేశాడు. మెటీరియల్, టెక్స్చర్ లాంటివన్నీ లో చేశాడు. తర్వాత వీ-సింక్ ఆపాడు.

వీ-సింక్ సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. నా స్క్రీన్ 60 హెర్ట్జ్, అంటే 16.7 మిల్లీసెకన్లకి ఒకసారి బొమ్మ మారుస్తుంది. వీ-సింక్ ఆన్‌లో ఉంటే గ్రాఫిక్స్ ఆ టైమ్ కోసం ఆగాలి. మా ఊరి బస్సు లాంటిది: ఒక్క నిమిషం లేటైనా మళ్ళీ బస్సు వచ్చేదాకా స్టాండ్‌లో కూర్చోవాల్సిందే. 60 అందుకోలేని ల్యాప్‌టాప్ అలా ప్రతిసారీ మిస్సవుతూ 30కి పడిపోవచ్చు. పైగా మౌస్ కదిపాక స్క్రీన్ మీద కనపడటానికి ఇంకొంత ఆలస్యం. ఆపేస్తే ఒక్కోసారి బొమ్మ మధ్యలో అడ్డంగా చిరిగినట్టు కనపడుతుంది, అది నిజమే. కథ ఉన్న గేమ్స్ తీరిగ్గా ఆడేటప్పుడు నేను ఇప్పటికీ ఆన్‌లోనే ఉంచుతా. షూటింగ్ గేమ్‌లో మాత్రం చిరిగితే చిరిగింది.

చివరికి ఎఫ్‌పీఎస్ 85. పట్టిన టైమ్ పది నిమిషాలు. నాకు సంతోషం కన్నా ముందు సిగ్గేసింది.

మా రూమ్మేట్ కథ ఇంకా ఘోరం. వాడిది 144 హెర్ట్జ్ గేమింగ్ ల్యాప్‌టాప్, ఆ నంబర్ చూసే కొన్నాడు. ఆ రాత్రి నేను వచ్చి చెప్తే విండోస్ డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లే తెరిచాడు. రిఫ్రెష్ రేట్ 60 దగ్గరే ఉంది! ఏడాది నుంచి వాడు డబ్బులిచ్చి కొన్న స్క్రీన్‌ని సగం కూడా వాడలేదు. అప్పటిదాకా మాత్రం "స్మూత్‌నెస్ చూశావా మామా" అని నాకు చూపించేవాడు.

దీనికి హాస్టల్లో వచ్చే సమాధానం నాకు తెలుసు. "లో సెట్టింగ్స్‌లో ఆడితే ఏం బాగుంటుంది, పాతకాలం గేమ్‌లా ఉంది." నన్నూ ఏడిపించారు. అన్నీ అల్ట్రాలో పెట్టడం మనకి బైక్‌కి సైలెన్సర్ మార్చడం లాంటి గొప్ప అయిపోయింది. కౌంటర్ స్ట్రైక్ ఆడి జీతం తీసుకునే ప్రొఫెషనల్స్‌లో చాలామంది 1280×960లో బొమ్మ సాగదీసి ఆడతారు. వాళ్ళకి కార్డ్ కొనుక్కునే స్తోమత లేకా?

ఇంకో మాట. "ఒక్క క్లిక్‌తో ఎఫ్‌పీఎస్ డబుల్" అనే ఫైళ్ళు వీడియోల కింద లింకుల్లో దొరుకుతాయి. నేనూ ఒకటి దింపి అడ్మినిస్ట్రేటర్‌గా రన్ చేశా. అది విండోస్ డిఫెండర్‌ని ఆపేసిందని వారం తర్వాత తెలిసింది, మొత్తం ఫార్మాట్ కొట్టాల్సొచ్చింది. సీఎస్ఈ చదువుతూ లోపల ఏముందో చదవకుండా స్క్రిప్ట్ రన్ చేశానని బయట చెప్పుకోకూడదు, కానీ రాసేశా.

సెట్టింగ్స్‌తో అన్నీ అయిపోతాయని నేను అనట్లేదు. సైబర్‌పంక్ 2077 నా ల్యాప్‌టాప్ మీద ఏం చేసినా ఆడేలా ఉండదు, ఒప్పుకుంటా. ఒకే ర్యామ్ స్టిక్ ఉన్నవాళ్ళకి రెండోది వేస్తే బాగా తేడా వస్తుంది, ఎందుకంటే ఇలాంటి గ్రాఫిక్స్ ఆ ర్యామ్‌నే పంచుకుంటుంది. నేను ఇంకా వెయ్యలేదు. నిజంగా కొత్తది కావాల్సిన వాళ్ళు కొనుక్కోవచ్చు. చూసి కొనమంటున్నా, అంతే.

మర్నాడు పొద్దున్నే నాన్నకి చేశా. ల్యాప్‌టాప్ వద్దని చెప్పి, కోడింగ్ కోసం కాదు, గేమ్ కోసం అడిగానని కూడా చెప్పేశా. తిడతారనుకున్నా. నాన్న పొలం మోటార్లు రిపేర్ చేస్తారు. "మా దగ్గరికీ మోటారు కాలిపోయిందని బండి మీద ఏసుకొస్తారు రా. సగం సార్లు స్టార్టర్ దగ్గర వైరు వదులై ఉంటది" అన్నారు. మళ్ళీ ఆగి, "చీటీ ఇంకా పాడలేదులే" అన్నారు.

ఫస్టియర్ వాళ్ళెవరికైనా డౌట్ ఉంటే ల్యాప్‌టాప్, ఛార్జర్ రెండూ తీసుకుని మా రూమ్‌కి రండి. ఛార్జర్ మర్చిపోవద్దు, బ్యాటరీ మీద ఆడితే స్పీడ్ ఎలాగూ పడిపోతుంది. ఆదివారం సాయంత్రం మాత్రం రావద్దు, మాకు మ్యాచ్ ఉంది.