సోమవారం నీలిమాత్ర

వారానికి ఒక్క మాత్ర, అదీ వెల లేనిది. అయినా బాలికల చేత దానిని క్రమం తప్పకుండా మింగించడం మన దేశంలో నేటికీ సులభసాధ్యం కాలేదు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15-19 ఏళ్ల బాలికలలో నూటికి 54 మందికి రక్తహీనత ఉన్నట్లు తేలగా, 2019-21 నాటికి ఆ సంఖ్య 59 అయింది. 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం గల నీలిరంగు మాత్రను బడులలో, అంగన్‌వాడీలలో పంచుతున్న కాలంలోనే ఈ పెరుగుదల!

మాత్ర తప్పిపోవడానికి ఒక కారణం మరపు. దానిని పోగొట్టడానికి సెల్‌ఫోనులో సందేశం పంపడం మంచి ఉపాయమే. బడి నడుస్తున్నంత కాలం దాని అవసరం అంతగా ఉండదు. సోమవారం నాడు ఉపాధ్యాయురాలే దగ్గరుండి మాత్ర వేయిస్తుంది. వేసవి సెలవులు వచ్చేసరికి ఆ కన్ను తప్పుతుంది. మాత్రలు ఇంటికి ఇచ్చి పంపినా గూటిలోనే ఉండిపోవచ్చు. (ఆ గూడు పసిపిల్లలకు అందనిదై ఉండాలి, ఇనుము మాత్రలు ఎక్కువగా మింగితే వారికి ప్రాణాపాయం.) సందేశం అక్కరకు వచ్చేది అప్పుడే.

అయితే అది ఎవరి ఫోనుకు చేరుతుంది? 2019-21 సర్వే నాటికి 15-49 ఏళ్ల స్త్రీలలో తాము వాడుకునే సెల్‌ఫోను ఉన్నవారు నూటికి 54 మందే. ఇక పదమూడేళ్ల పిల్ల మాట చెప్పేదేమున్నది! సందేశం తండ్రి చొక్కా జేబులో మోగుతుంది. ఉదయం వచ్చిన కబురు ఆయన పొద్దుగూకి ఇల్లు చేరేసరికి చల్లారిపోతుంది. కనుక తల్లికి ఫోను ఉంటే ఆ నంబరుకు, లేకుంటే ఇంటిల్లిపాదీ రాత్రి భోజనాలకు కూర్చునే వేళకు పంపడం మేలు.

మరొక చిక్కున్నది. మరచిన పిల్లకు “మాత్ర వేసుకో” అన్న రెండు మాటలు చాలు. భయపడిన పిల్లకు చాలవు. ఇనుము వల్ల మలం నల్లబడుతుంది, కొందరికి వికారం కలుగుతుంది. ముందుగా చెప్పేవారు లేకపోతే తల్లి కూడా జడిసి “ఇక వద్దులే” అంటుంది. ఆ నలుపు వల్ల హాని లేదనీ, పరగడుపున కాక అన్నం తిన్నాక వేసుకుంటే వికారం తగ్గుతుందనీ, వెంటనే టీ, కాఫీ తాగితే ఇనుము ఒంటికి సరిగా పట్టదనీ, నిమ్మరసం తోడయితే బాగా పడుతుందనీ వారానికొక్క సంగతి చొప్పున తెలియజేయవచ్చును. “వేసుకున్నాను” అనో, “కడుపులో తిప్పింది” అనో పిల్ల జవాబు పంపే వీలూ ఉండాలి. ఆ జవాబు చదివేందుకు ఉపాధ్యాయురాలినో, ఆశా కార్యకర్తనో నియమించాలి. రెండు మూడు వారాలు వరుసగా తిప్పిందన్న పిల్ల ఇంటికి ఆమె స్వయంగా వెళ్లి, అవసరమైతే ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి తీసుకొనిపోవలసి ఉంటుంది.