రాష్ట్రపతి ఎన్నికలో మన ఓటు ఎవరి చేతిలో ఉంది?

ముస్లిం సభల్లో రాజకీయ ప్రాతినిధ్యం మాట వచ్చినప్పుడల్లా వేదిక మీది పెద్దలెవరో ఒకరు లేచి మూడు పేర్లు వల్లిస్తారు: డాక్టర్ జాకిర్ హుస్సేన్, ఫక్రుద్దీన్ అలీ అహ్మద్, అబ్దుల్ కలాం. కొంచెం ఎక్కువ చదివినవారైతే తాత్కాలిక రాష్ట్రపతిగా పనిచేసిన జస్టిస్ హిదాయతుల్లాను కూడా చేరుస్తారు. సభికులు చప్పట్లు కొడతారు. ఆ చప్పట్లతోనే చర్చ ముగుస్తుంది. ఈ వల్లింపు వల్ల మన సమాజానికి మేలు కంటె కీడే ఎక్కువ జరిగిందని నా నిశ్చితాభిప్రాయం. రాష్ట్రపతి ఎవరన్న ప్రశ్న దగ్గరే మనం ఆగిపోయాం. ఆయనను ఎన్నుకునేది ఎవరు, వారిని ఆ ఓటు గురించి అడగవలసింది ఎవరు అన్న ప్రశ్నను ఎన్నడూ చేపట్టలేదు.

రాష్ట్రపతిని ప్రజలు నేరుగా ఎన్నుకోరు. రాజ్యాంగం 54వ అధికరణం ప్రకారం పార్లమెంటు ఉభయసభల్లో ఎన్నికైన సభ్యులు, రాష్ట్ర శాసనసభల్లో ఎన్నికైన సభ్యులు కలిసి ఒక నియోజకగణంగా ఏర్పడతారు. నామినేటెడ్ సభ్యులకు, శాసనమండలి సభ్యులకు ఇందులో ఓటు లేదు. ఎమ్మెల్యే ఓటు ఒక్కటిగా లెక్కకు రాదు. 1971 నాటి రాష్ట్ర జనాభాను ఎన్నికైన ఎమ్మెల్యేల సంఖ్యతో భాగించి, వచ్చినదాన్ని మళ్లీ వెయ్యితో భాగిస్తే ఆ ఓటు విలువ తేలుతుంది. ఉత్తరప్రదేశ్ ఎమ్మెల్యే ఓటు విలువ 208, సిక్కిం ఎమ్మెల్యేది 7. ఆంధ్రప్రదేశ్‌లో అది 159, తెలంగాణలో 132. అంటే 175 మంది, 119 మంది సభ్యులున్న మన రెండు శాసనసభల చేతిలో మొత్తం 43,533 ఓట్లున్నాయి. కర్నూలులోనో, గుంటూరు తూర్పులోనో, నిజామాబాద్ అర్బన్‌లోనో మీరు క్యూలో నిలబడి గెలిపించిన మనిషి మీ పేరు మీదే ఆ ఓటు వేస్తున్నాడు.

మన సభల్లో ఎవరూ చెప్పని సంగతి మరొకటుంది. ఈ ఎన్నికలో పార్టీలు విప్ జారీ చేయడానికి వీల్లేదు. ఓటు రహస్యం. పార్టీ నిలబెట్టిన అభ్యర్థిని కాదని ఓటు వేసినా ఫిరాయింపుల చట్టం వర్తించదు. కాబట్టి "అధిష్ఠానం చెప్పినట్టే చేయాలి కదా" అనే ఎమ్మెల్యే అబద్ధం చెబుతున్నట్టే లెక్క.

ఈ స్వేచ్ఛ ఎంత దూరం పోగలదో 1969లో దేశం చూసింది. డాక్టర్ జాకిర్ హుస్సేన్ పదవిలో ఉండగానే కన్నుమూయడంతో వచ్చిన ఎన్నిక అది. కాంగ్రెస్ అధికారిక అభ్యర్థి మన అనంతపురం జిల్లాకు చెందిన నీలం సంజీవరెడ్డి. ఆయనకు ఎదురు నిలిచినవారు బరంపురంలో పుట్టిన తెలుగువారు వి.వి.గిరి. అంతరాత్మ ప్రబోధం మేరకు ఓటు వేయమని ఇందిరాగాంధీ తన పార్టీవారికే చెప్పారు. మొదటి ప్రాధాన్య ఓట్లలో ఎవరికీ సగం దాటలేదు. రెండో ప్రాధాన్య ఓట్లు కలిపాక గిరికి 4,20,077, సంజీవరెడ్డికి 4,05,427 తేలాయి. తేడా 14,650. అప్పటి లెక్క వేరే అనుకోండి, కానీ నేటి తెలంగాణ శాసనసభ ఒక్కదాని విలువే ఇంతకు మించి ఉంది. తరువాత వివాదం సుప్రీంకోర్టుకెక్కింది. సంజీవరెడ్డి మీద అసభ్యమైన కరపత్రం పంచి ఓటర్లను ప్రభావితం చేశారన్నది ఆరోపణ. పదవిలో ఉన్న రాష్ట్రపతి స్వయంగా కోర్టుకు వెళ్లి సాక్ష్యం చెప్పారు. 1970లో పిటిషన్ కొట్టివేశారు.

అంతకు ముందు 1967లో హైదరాబాదులో పుట్టిన జాకిర్ హుస్సేన్ మీద రాజమండ్రిలో పుట్టిన కోకా సుబ్బారావు, భారత ప్రధాన న్యాయమూర్తి పదవిని వదులుకుని మరీ పోటీ చేశారు. జాకిర్ హుస్సేన్ గెలుపు మీదా పిటిషన్లు పడ్డాయి, నిలవలేదు. ఇలా కోర్టుకెక్కిన వివాదాలు చాలానే ఉన్నాయి గాని, రాష్ట్రపతి ఎన్నికను సుప్రీంకోర్టు ఇంతవరకు ఒక్కసారి కూడా రద్దు చేయలేదు. అసలు పిటిషన్ వేసే హక్కే అభ్యర్థికి, లేదా కలిసికట్టుగా వచ్చే కనీసం 20 మంది ఓటర్లకు మాత్రమే ఉంది. ఇక్కడ ఓటర్లంటే ఎంపీలు, ఎమ్మెల్యేలు. మీకూ నాకూ ఆ గుమ్మం ఎక్కే అర్హతే లేదు.

కోర్టు వినని వివాదం ఒకటుంది. అదే మనది. 1974లో గుజరాత్ శాసనసభ రద్దయి ఉండగా ఎన్నిక జరపవచ్చునా అని అడిగితే, జరపవలసిందేనని సుప్రీంకోర్టు అభిప్రాయం చెప్పింది. నియోజకగణంలో ఖాళీలున్నాయన్న కారణంతో ఎన్నికను ప్రశ్నించరాదని 71వ అధికరణం అంటోంది. పదవి ఒక్కరోజు కూడా ఖాళీగా ఉండరాదన్న ఉద్దేశంతో పెట్టిన నియమం కాబట్టి దాన్ని తప్పుపట్టలేం. కానీ 2022లో ఆ నియమం చాటున ఏం జరిగిందో చూడండి. దేశంలో ముస్లింలు అధిక సంఖ్యాకులుగా ఉండిన ఏకైక రాష్ట్రం జమ్మూ కశ్మీర్. 2017లో అక్కడి 87 మంది ఎమ్మెల్యేలకు తలా 72 చొప్పున ఓట్లుండేవి. 2018లో శాసనసభను రద్దు చేశారు. 2019 ఆగస్టులో 370వ అధికరణాన్ని రాష్ట్రపతి ఉత్తర్వులతోనే నిర్వీర్యం చేసి, రాష్ట్రాన్ని కేంద్రపాలిత ప్రాంతంగా దించారు. 2022 రాష్ట్రపతి ఎన్నికలో అక్కడి నుంచి ఒక్క ఎమ్మెల్యే ఓటు లేదు. ఆ ఓట్లు తగ్గినందుకే ఒక్కో ఎంపీ ఓటు విలువ 708 నుంచి 700కు పడిపోయింది. ఎవరి రాజ్యాంగ హోదాను రాష్ట్రపతి సంతకం మార్చిందో వారి శాసనసభకు తదుపరి రాష్ట్రపతిని ఎన్నుకునే అవకాశం దక్కలేదు. 2024లో అక్కడ మళ్లీ శాసనసభ ఏర్పడింది నిజమే. అయితే 54వ అధికరణం వివరణలో రాష్ట్రాలతో సమానంగా పేర్కొన్న కేంద్రపాలిత ప్రాంతాలు ఢిల్లీ, పుదుచ్చేరి మాత్రమే. ప్రస్తుత రాష్ట్రపతి పదవీకాలం 2027 జూలైలో ముగుస్తుంది. ఈలోగా రాష్ట్ర హోదా తిరిగి ఇవ్వాలి, లేదా ఆ వివరణలో జమ్మూ కశ్మీర్ పేరు చేర్చాలి.

"ఎంతైనా అలంకారప్రాయమైన పదవి, ఎవరైతేనేం" అంటారు కొందరు. మంత్రిమండలి సలహా మేరకే రాష్ట్రపతి నడవాలన్నది నిజం. అయినా మన బతుకుల మీద పడిన కాగితాలు ఎన్ని ఆ బల్ల మీదుగా వచ్చాయో లెక్కించండి. 1950 నాటి షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వు రాష్ట్రపతి ఉత్తర్వే. అందులోని మూడో పేరా హిందువు కానివారికి ఎస్సీ హోదా లేదంది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు మినహాయింపు వచ్చింది. పాకీపని చేసే మెహతర్ హిందువైతే ఎస్సీ, అదే పని చేసే మెహతర్ ముస్లిం అయితే కాదు. ఆ పేరా తీసివేయాలని రంగనాథ్ మిశ్రా కమిషన్ 2007లోనే సిఫారసు చేసింది. తలాక్ మీద 2018, 2019ల్లో వరసగా మూడు ఆర్డినెన్సులు వచ్చాయి. 2019 డిసెంబరులో పౌరసత్వ సవరణ చట్టం వచ్చింది. అన్నిటి కిందా ఆ సంతకమే.

సంతకం పెట్టే ముందు ప్రశ్నించే అధికారం మాత్రం రాష్ట్రపతికి ఉంది. ఒకసారి పునఃపరిశీలనకు వెనక్కి పంపవచ్చు. 1997లో ఉత్తరప్రదేశ్‌లో రాష్ట్రపతి పాలన విధించమని వచ్చిన సిఫారసును కె.ఆర్.నారాయణన్ తిప్పి పంపారు, కేంద్రం వెనక్కు తగ్గింది. 2006లో లాభదాయక పదవుల బిల్లును కలాం తిప్పి పంపారు. 1975 జూన్ 25 రాత్రి మంత్రివర్గం సమావేశం కూడా కాకముందే వచ్చిన అత్యవసర పరిస్థితి ప్రకటన మీద ఫక్రుద్దీన్ అలీ అహ్మద్ సంతకం చేశారు. మరుసటి ఏడాది ఆయన ఉంటున్న ఢిల్లీలోనే తుర్క్‌మాన్ గేట్ దగ్గర పేద ముస్లింల ఇళ్లు కూల్చి, అడ్డుకున్నవారి మీద కాల్పులు జరిపారు. ఆయన పేరును చప్పట్ల కోసం వల్లించేవారు ఈ సంగతినీ పక్కనే చెప్పాలి. ఆపదలో మనకు కావలసింది కాగితాన్ని ఆపి ఎందుకని అడిగే మనిషి. ఆ మనిషి మనవాడే కానక్కర్లేదు.

తెలంగాణ సంగతి ఇంకా దగ్గరిది. 2017 ఏప్రిల్‌లో శాసనసభ ముస్లిం వెనుకబడిన వర్గాల రిజర్వేషన్‌ను 4 నుంచి 12 శాతానికి పెంచుతూ బిల్లు ఆమోదించి రాష్ట్రపతి ఆమోదం కోసం పంపింది. అదే జూలైలో రాష్ట్రపతి ఎన్నిక. బిల్లు తెచ్చిన పార్టీయే కేంద్రం నిలబెట్టిన అభ్యర్థికి మద్దతు ఇచ్చింది. ఢిల్లీలో ప్రతి ఓటునూ లెక్కబెట్టుకుంటున్న ఆ వారాల్లో, "మా బిల్లు సంగతేమిటి" అని అడగడానికి అంతకంటె మంచి సమయం ఏముంటుంది? ఆ బిల్లుకు ఆమోదం రాలేదు. ఆంధ్రప్రదేశ్‌లోనైతే అధికార పక్షం, ప్రతిపక్షం రెండూ అదే అభ్యర్థి వెనుక నిలిచాయి. పార్టీలను మాత్రమే నిందించి ఊరుకోలేను. మనమూ అడగలేదు.

ఒక రాష్ట్రపతి ఎన్నికకు ముందు మా ఊరి నుంచి నలుగురం మా శాసనసభ్యుని ఇంటికి వెళ్లాం. ఎవరికి ఓటు వేస్తున్నారు, మూడో పేరా మీద మీ మాట ఏమిటి అని అడిగాం. "అవన్నీ పైవాళ్లు చూసుకుంటారు భాయ్, మీ ఖబరస్తాన్ ప్రహరీ సంగతి చెప్పండి" అన్నారాయన. మాతో వచ్చిన పెద్దాయన వెంటనే జేబులోంచి ప్రహరీ అర్జీ తీశారు. ప్రహరీ మంజూరైంది కూడా.

2027కు ఇంకా వ్యవధి ఉంది. ప్రతి పట్టణంలోని మస్జిద్ కమిటీలు, యువజన సంఘాలు, మహిళా సంఘాలు కలిసి తమ ఎమ్మెల్యేకు, ఎంపీకి లిఖితపూర్వకంగా లేఖ ఇవ్వాలి. మూడో పేరా తొలగింపును సమర్థిస్తారా? జమ్మూ కశ్మీర్ శాసనసభకు ఓటు ఉండాలంటారా? ఓటు అడగడానికి వచ్చే అభ్యర్థులను ఈ రెండు విషయాలు అడుగుతారా? వచ్చిన జవాబును నియోజకవర్గం పేరుతో సహా మస్జిదు నోటీసు బోర్డు మీద అంటించండి. జవాబు ఇవ్వనివారి పేరు కూడా.