సోషల్ మీడియా: నిప్పా? పొగా?

2023 మే 6, శనివారం. డాలస్ దగ్గర ఆలెన్‌లోని ఔట్‌లెట్ మాల్‌లో కాల్పులు జరిగాయన్న వార్త టీవీలో పూర్తిగా రాకముందే మా వాట్సాప్ గ్రూపుల్లోకి వీడియోలు వచ్చిపడ్డాయి. "మనవాళ్ళు జాగ్రత్తపడతారు కదా" అనుకుంటూ ఒకదాన్ని నేనూ ఇంకో గ్రూపుకి పంపాను. బలైన 8 మందిలో ఓ తెలుగమ్మాయి కూడా ఉందని తర్వాత తెలిసింది. అలాంటి వీడియోలు ఆ తల్లిదండ్రుల ఫోనుకీ చేరాయేమో అన్న ఆలోచన నన్ను ఇప్పటికీ వదల్లేదు.

హంతకుడు ఒక రష్యన్ సోషల్ నెట్‌వర్క్‌లో నాజీ గుర్తులు, ద్వేషపు రాతలు పెట్టేవాడని బయటపడింది. దాడికి వారాల ముందే ఆ మాల్ ఫోటోలూ, అక్కడ ఏ వేళ రద్దీ ఎక్కువో చూపే స్క్రీన్‌షాట్లూ పెట్టాడు. దాంతో మన విందుల్లో, గుడి మెట్ల మీద ఒకటే మాట: "అంతా ఈ సోషల్ మీడియా వల్లే!"

నిజమేనా? ఎఫ్.బి.ఐ. లెక్కల్లో 1991లో లక్ష మందికి సుమారు 758 హింసాత్మక నేరాలు. ఫేస్‌బుక్ 2004లో పుట్టింది. అది ఇంటింటికీ చేరాక, 2014 నాటికి, ఆ సంఖ్య దాదాపు సగానికి దిగింది. 2020లో హత్యలు సుమారు 30 శాతం పెరిగాయి, 2023, 2024లలో బాగా తగ్గాయి. ఈ మధ్యలో ఎవరూ ఫోన్లు పక్కన పెట్టలేదు. కాబట్టి వాడకం పెరిగితే నేరం పెరుగుతుందన్న లెక్క కుదరదు.

అలాగని సంబంధమే లేదనలేం. 2019లో న్యూజీలాండ్‌లోని క్రైస్ట్‌చర్చ్ మసీదుల్లో 51 మందిని చంపినవాడు ఆ దారుణాన్ని ఫేస్‌బుక్‌లో ప్రత్యక్ష ప్రసారం చేశాడు. 2022 మే 14న బఫలోలో 10 మంది నల్లజాతివారిని చంపినవాడు తనకు స్ఫూర్తి అతడేనని రాసుకున్నాడు, తనూ ప్రసారం చేశాడు. ట్విచ్ 2 నిమిషాల్లోపే ఆపేసినా నకళ్ళు లక్షలమందికి చేరాయి. హంతకుడికి కావలసింది ప్రేక్షకులు. వాటిని పంచినవాళ్ళలో నాలాంటి మామూలు మనుషులూ ఉన్నారు.

నిప్పు లేనిదే పొగ రాదంటారు. 2018 ఫిబ్రవరి 14న ఫ్లోరిడాలోని పార్క్‌లాండ్ హైస్కూల్లో 17 మంది చనిపోయారు. అంతకు నెలల ముందే ఒక యూట్యూబ్ వ్యాఖ్య చూసి ఒకాయన ఎఫ్.బి.ఐ.కి చెప్పాడు. జనవరిలో ఇంకొకరు ఫోన్ చేసి హెచ్చరించారు. ఆ ఫోన్ సమాచారాన్ని నిబంధనల ప్రకారం ముందుకు పంపలేదని ఎఫ్.బి.ఐ. తానే ఒప్పుకుంది. పొగ చూసినవాళ్ళు తమ పని చేశారు, తప్పు జరిగింది ఆ తర్వాత.

కంపెనీలే చూసుకుంటాయని కూర్చోలేం. జనం రాసినదానికి కంపెనీలను బాధ్యుల్ని చేయకుండా 1996 నాటి సెక్షన్ 230 అడ్డుపడుతుంది. ఆలెన్ ఘటన జరిగిన 12 రోజులకే, ఉగ్రవాదుల ఖాతాల విషయంలో ట్విట్టర్‌ మీద వేసిన దావాలో సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా ఆ కంపెనీ పక్షానే తీర్పు చెప్పింది.

ఇక మిగిలింది మనం. తోటి విద్యార్థి తుపాకి ఫోటోతో బెదిరింపు పెడితే ముందు చూసేది మన పిల్లలే. "మనకెందుకు, వీసా మీద ఉన్నాం" అని వాళ్ళ నోరు నొక్కకండి. అది చాడీ కాదు. స్కూలుకి చెప్పండి, ప్రమాదం దగ్గర్లో ఉందనిపిస్తే 911కి ఫోన్ చేయండి. ఇకపై అలాంటి వీడియో ఏదైనా నా ఫోనుకి వస్తే అక్కడే ఆగిపోతుంది. మీ ఫోన్లోనూ ఆగాలని నా మనవి.