మూగజీవాల వైద్యుల మౌనవేదన

సికింద్రాబాద్‌లో ఏ పెంపుడు జంతువుల క్లినిక్‌లోనైనా ఒక సాయంత్రం కూర్చుంటే తెలుస్తుంది. కోలుకోలేని ముసలి కుక్కకు ఆఖరి ఇంజెక్షన్ ఇచ్చి, ఏడుస్తున్న కుటుంబాన్ని ఓదార్చిన డాక్టరే చేతులు కడుక్కొని, మరో ఇంటి కుక్కపిల్లకు నవ్వుతూ టీకా వేయాలి. ‘ఇంత బిల్లా?’ అన్న నిష్ఠూరమూ భరించాలి. పల్లెలో పాడిగేదె చనిపోతే ఆ ఇంటి బతుకుతెరువే పోతుంది. ఆ కన్నీళ్లకు తొలి సాక్షులూ పశువైద్యులే.

అమెరికాలో 1979–2015 మధ్య మరణాలను పరిశీలించి 2019లో వెలువరించిన అధ్యయనం కలవరపెట్టింది. సాధారణ జనంతో పోలిస్తే ఆత్మహత్య ముప్పు మహిళా పశువైద్యుల్లో 3.5 రెట్లు, పురుషుల్లో 2.1 రెట్లు ఉందని తేల్చింది. దేశం వేరైనా ఈ వృత్తిలోని మానసిక భారం తక్కువేమీ కాదు. దుఃఖాన్ని తట్టుకోవడం, చేదు మాట చెప్పడం కూడా శస్త్రచికిత్సంత శ్రద్ధగా పశువైద్య కళాశాలల్లో నేర్పాలి. క్లినిక్ గడప తొక్కే మనమూ మాట మెత్తన చేసుకోవాలి.

పశువుకు జబ్బు చేస్తే 1962కు ఫోన్ చేస్తాం. మనసు కుంగితే టెలి మానస్ 14416 ఉంది. రాత్రీ పగలూ ఉచితంగా, తెలుగులోనే పలుకుతుంది. డాక్టర్లూ, మొహమాటపడకండి. ఒక్క ఫోన్ చేయండి.