తేటనీటి పరీక్ష

చేపలు పట్టేవానికి కలకనీరు మిత్రం, తేటనీరు పరీక్ష. కలకబారిన చెరువులో గాలం వేసి కూర్చున్నవాడు చేపను చూడడు, చేప అతన్ని చూడదు. మధ్యన ఉన్నది బెండు ఒక్కటే. అది మునిగేదాకా ఓపిక పట్టడమే అక్కడి విద్య. అడుగునున్న గులకరాళ్ళను ఒడ్డు నుంచే లెక్కపెట్టదగినంత నిర్మలంగా ఉండే చల్లని సరస్సు సంగతి వేరు. అక్కడ ఇరుపక్షాలకూ చూపు ఉన్నది. ఎవరు ముందు చూశారన్నదాని మీద సగం ఆట తేలిపోతుంది. మిగిలిన సగం, చూసిన చేపను ఏం చేయాలన్న నిర్ణయం. ఏడాదిలో సుమారు ఒక నెలపాటు ఈ రెండో సగమే పెద్దదవుతుంది.

కెనడాలోని అంటారియో రాష్ట్రం అటువంటి సరస్సులకు పుట్టినిల్లు. హిమానీనదాలు తొలిచిపోయిన రాతిగుంటలలో నిలిచిన నీళ్ళవి. అక్కడ 1893లో నెలకొల్పిన ఆల్గాంక్విన్ ఉద్యానవనంలో వందలకొద్దీ సరస్సులున్నాయి. వాటిలో పెద్దది ఒపియోంగో. చలికాలమంతా మంచుపలక కింద నిద్రించి, ఏప్రిల్ చివరనో మే మొదటి వారాల్లోనో అది కళ్ళు తెరుస్తుంది. ఆ ఒడ్డున 1936లో ఒక మత్స్య పరిశోధనశాల వెలిసింది. వేటకు వచ్చినవారు ఎన్ని గంటలు గడిపారు, ఏయే చేపలు పట్టారు అన్న లెక్కలను ఆ నాటి నుంచి అక్కడి పరిశోధకులు సేకరిస్తూ వచ్చారు. ఒక్క సరస్సులోని చేపలను గురించి ఇంత దీర్ఘకాలపు చిట్టా ఉన్న చోట్లు ప్రపంచంలో బహు కొద్ది.

ఆ చిట్టాలో ప్రముఖంగా కనిపించే పేర్లలో స్మాల్‌మౌత్ బాస్ ఒకటి. మన కోస్తా బజార్లలో పండుగప్పను సీ బాస్ అంటారు గాని, దానికీ దీనికీ బంధుత్వం లేదు. ఇది ఉత్తర అమెరికా మంచినీటి చేప. కంచు వన్నె దేహం, ప్రక్కల నిలువు చారలు, తరచుగా ఎర్రని కన్ను. ఒకటి రెండు కిలోల చేప గాలానికి తగిలితే నీటి మీదికి ఎగిరెగిరి దులపరిస్తుంది. ఆ పోరాటమే దానికి పేరు తెచ్చింది. శాస్త్రనామం మాత్రం ఒక పొరపాటు వల్ల వచ్చింది. 1802లో ఫ్రెంచి ప్రకృతి శాస్త్రజ్ఞుడు లాసెపేద్ తనకందిన నమూనాలో వెన్నురెక్క చిరిగి, వెనుక చిన్న తునక విడిగా నిలిచి ఉండటం చూసి, అది వేరే రెక్క అనుకున్నాడు. చిన్న రెక్క అనే అర్థం వచ్చేటట్లు మైక్రోప్టెరస్ అని పేరుపెట్టాడు. చిరుగు సంగతి తరువాత బయటపడినా పేరు నిలిచిపోయింది.

ఈ చేప తన ఊరు దాటి వ్యాపించడానికి మనిషి వినోదమే ప్రధాన కారణం. 1854లో అమెరికాలో రైలు ఇంజను వెనుక నీటితొట్టెలో చిల్లుల బకెట్టు వేలాడగట్టి, అందులో కొన్ని బాస్ చేపలను కొండలు దాటించి పోటోమాక్ నదీ ప్రాంతానికి చేర్చారు. ఆ తరువాత రైలు వెళ్ళిన చోటికల్లా బాస్ వెళ్ళింది. ఆల్గాంక్విన్ సరస్సులకు కూడా అది స్వయంగా ఈదుకుంటూ వచ్చినది కాదు. 20వ శతాబ్దపు తొలి దశాబ్దాల్లో మనుషులు తెచ్చి వదిలినదే.

పడవ లేక ఒడ్డునే నమ్ముకున్నవానికి తేటనీరు నేర్పే మొదటి పాఠం నడక. నీటి లోపలి నుంచి చేపకు పైలోకం మొత్తం ఒక గుండ్రని కిటికీ గుండా కనిపిస్తుంది. కాంతి నీటిలోకి ప్రవేశించేటప్పుడు వంగడం వల్ల ఏర్పడే ఈ కిటికీ కోణం సుమారు 97 డిగ్రీలు. మీటరు లోతున నిలిచిన చేపకు దాని వెడల్పు రెండుంబావు మీటర్లుంటుంది. ఆ వలయం వెలుపల నీటి పైతలం అడుగును ప్రతిఫలించే అద్దంలాగా తోస్తుంది. ఒడ్డున దూరంగా, వంగి నిలిచిన మనిషి ఆ కిటికీ అంచున నలిగిపోయిన చిన్న మరకగా మాత్రమే కనిపిస్తాడు. నీటి అంచుకు వచ్చి నిటారుగా నిలిచినవాడు కిటికీ నడుమకు జరుగుతూ పెద్దవాడవుతాడు. అందుచేత తెలిసినవాడు నీటికి పది అడుగులు ఎడంగానే ఆగుతాడు. వెనుక చెట్టో బండో ఉండేటట్లు చూసుకుంటాడు. తన నీడ నీటిపై పడకుండా జాగ్రత్తపడతాడు. రాళ్ళ మీద బూటు చప్పుడు నీటిలోకి సులభంగా పాకుతుందని అతనికి తెలుసు.

రెండవ పాఠం పనిముట్లది. కలకనీటికి పనికివచ్చే లావుపాటి దారం ఇక్కడ తాడులాగా కనిపిస్తుంది. ఆరేడు పౌనుల బరువు మోయగల సన్నని పారదర్శకమైన దారం, పొడుగాటి కర్ర, అడుగున తిరిగే క్రేఫిష్ అనే గట్టిపెంకు జీవినో చిన్నచేపనో పోలిన మట్టిరంగు ఎర, ఇవి చాలు. ఎరను చేప నెత్తిన వేయకూడదు. దాన్ని దాటించి దూరంగా విసిరి, మెల్లగా దాని దారిలోకి తీసుకురావాలి. నీటిపై మెరుపును తొలగించే పోలరాయిడ్ అద్దాలు ధరిస్తే చూపు అడుగుదాకా వెళుతుంది. చిరుగాలి రేగి నీటి అద్దం చెదిరినప్పుడు, మబ్బు కమ్మినప్పుడు, తొలిసంజెలో, మలిసంజెలో ఒడ్డువానికి అనుకూలం. నీరు 10 డిగ్రీల సెంటిగ్రేడుకు లోబడి ఉన్నంతకాలం బాస్ మందకొడిగా లోతుల్లోనే ఉంటుంది. ఎండ తగిలి ముందుగా వెచ్చబడే తక్కువ లోతు మూలలను కనిపెట్టగలగడమే వసంత ఋతువులో సగం విద్య.

ఆ వెచ్చని మూలల్లోనే అసలు చిక్కు మొదలవుతుంది.

మే చివర, జూన్ మొదట నీటి వేడి 15 డిగ్రీలకు చేరుకునే వేళకు మగచేప ఒడ్డుకు దగ్గరగా వస్తుంది. ఒక బండ ప్రక్కనో పడిన దుంగ ప్రక్కనో చోటు ఎన్నుకుని, తోకతో ఒండును ఊడ్చి, గులకరాళ్ళు తేలేటట్లు పళ్ళెం ఆకారంలో గూడు చేస్తుంది. ఆడచేప వచ్చి వేలకొద్దీ గుడ్లు పెట్టి వెళ్ళిపోతుంది. ఆపైన భారమంతా తండ్రిదే. గుడ్లపై మట్టి పేరుకోకుండా, ప్రాణవాయువు అందేటట్లు రెక్కలతో విసురుతూనే ఉంటుంది. గుడ్లు పొదిగి పిల్లలైనాక, నల్లని చుక్కల గుంపుగా అవి గూడు విడిచి తేలినాక కూడా వెంట తిరుగుతుంది. చల్లని నీటిలో ఈ కాపలా నెల దాటవచ్చు. ఆ కాలంలో తండ్రిచేప మేత దాదాపు మాని, ఒళ్ళు కరగించుకుంటుంది.

తేటనీటిలో ఒడ్డు నుంచి చూసేవానికి ఆ గూడు చీకటి అడుగు మీద తెల్లని వలయంగా స్పష్టంగా కనిపిస్తుంది. నడుమ ఒక నీడ కదలక నిలిచి ఉంటుంది. ఏడాది పొడుగునా అందని చేప అప్పుడు పదిగజాల దూరంలో, పారిపోకుండా ఉంటుంది. ఎర వేస్తే ఆకలితో కాదు, గూటికి వచ్చిన శత్రువును తరమడానికి నోట కరుస్తుంది. పడవ లేనివానికి, అనుభవం లేనివానికి, పిల్లవానికి సైతం సునాయాసంగా దొరికే బాస్ ఇదే. దొరకడానికి కారణం దాని తండ్రితనమే.

గాలానికి చిక్కిన ఆ కొద్ది నిమిషాలలో గూటి వద్ద ఏం జరుగుతుందన్నది డేవిడ్ ఫిలిప్, ఆయన సహచరులు అంటారియో సరస్సుల్లో శ్రద్ధగా పరిశీలించి 1997లో ప్రకటించారు. కాపలా తొలగగానే సన్‌ఫిష్, పెర్చ్ వంటి చిన్నచేపలు గూటిపై పడి గుడ్లను మేయవచ్చు. పట్టినవాడు దయతో వెంటనే వదిలినా, అలసిన తండ్రి తేరుకుని తిరిగి వచ్చేసరికి నష్టం జరిగిపోతుంది. మిగిలిన గుడ్లు మరీ తక్కువైతే అది గూడును విడిచి వెళ్ళడం కూడా కద్దు. వదిలేశాం గనుక హాని లేదన్న ఊరట చేప విషయంలో నిజం కావచ్చు. గూటి విషయంలో కాదు.

ఒక గూడు పోతేనేమి, సరస్సులో వందలున్నాయి గదా అనవచ్చు. ఒపియోంగోలోనే జన్యుపరీక్షలతో జరిగిన మరొక పరిశోధన కూడా 1997లో వెలువడింది. శరత్కాలం దాకా బ్రతికిన పిల్లల్లో అధికభాగం బహు కొద్ది గూళ్ళ నుంచే వచ్చినట్లు అందులో తేలింది. ఆ కొద్ది గూళ్ళు ఏవన్నది ఒడ్డున నిలిచినవానికి తెలియదు.

ఇంతకన్నా ఆలోచింపజేసేది ఇల్లినాయ్‌లోని రిడ్జ్ సరస్సు ప్రయోగం. అది ఈ చేపకు దాయాది అయిన లార్జ్‌మౌత్ బాస్ మీద జరిగింది. తరచుగా గాలానికి చిక్కే చేపలను, ఎంతకూ చిక్కని చేపలను వేరుచేసి, కొన్ని తరాలపాటు విడివిడిగా పెంచారు. చిక్కే గుణం సంతానానికి సంక్రమిస్తుందని 2009లో వెల్లడైంది. 2012లో అదే వంశాలను పోల్చి చూస్తే, సులువుగా చిక్కే మగచేపలే గూటిని ఎక్కువ శ్రద్ధగా కాచే తండ్రులని తేలింది. కారణం ఊహకు అందేదే. ఎరను వెంటాడి కరిచేవాడు గూటి శత్రువునూ వెంటాడతాడు. అంటే గూళ్ళపై వేసే గాలం చేపల్లో బలహీనమైన వాటిని ఏరివేయదు. ఉత్తమమైన తండ్రులను ముందుగా పట్టుకుంటుంది.

ఈ సత్యాన్ని చట్టాలు ఒక్కతీరుగా స్వీకరించలేదు. దక్షిణ అంటారియోలో చిరకాలం పాటించిన పద్ధతి ప్రకారం వసంతంలో బాస్ వేట మూసివేసి, జూన్ రెండవ సగంలో ఒక శనివారం నాడు తెరుస్తారు. న్యూయార్క్ రాష్ట్రం 2022లో మరొక దారి ఎంచుకున్నది: డిసెంబరు 1 నుంచి జూన్ 14 వరకు కృత్రిమమైన ఎరలతో పట్టవచ్చు, కాని వదిలివేయాలి. గూటికాలపు వేట వల్ల సరస్సు మొత్తంలో చేపల సంఖ్య నిజంగా తగ్గుతుందా అన్న విషయంలో శాస్త్రజ్ఞుల మధ్య ఏకాభిప్రాయం లేదు. మేత దండిగా ఉన్న చోట బ్రతికిన కొద్ది పిల్లలే త్వరగా ఎదిగి ఖాళీని పూరించవచ్చునని ఒక పక్షం వాదన.

మరొక మాట కూడా న్యాయంగా చెప్పుకోవాలి. అన్ని సరస్సులలోనూ బాస్ రక్షణీయం కాదు. చల్లని సరస్సుల్లో తరతరాలుగా ఉన్నది లేక్ ట్రౌట్. బాస్ చేరిన కెనడా సరస్సుల్లో అది ఒడ్డు దగ్గరి చిన్నచేపలను ఊడ్చివేయగా, ట్రౌట్ సూక్ష్మజీవులతో కడుపు నింపుకోవలసి వచ్చిందని 1999లో ఒక అధ్యయనం చూపింది. న్యూయార్క్ రాష్ట్రపు అడిరాండాక్ కొండల్లోని లిటిల్ మూస్ సరస్సులో 2000 నుంచి కార్నెల్ విశ్వవిద్యాలయం వారు బాస్‌ను పనిగట్టుకుని తొలగిస్తూ వచ్చారు. ఒక సరస్సులో కాపాడవలసిన గూడు మరొక సరస్సులో తీసివేయవలసినది కావచ్చు. ఏ నీటిలో నిలిచి ఉన్నాడో తెలుసుకోవడం కూడా గాలం పట్టినవాని విద్యలో భాగమే.

ఈ కథ తెలుగువారికి కొత్తేమీ కాదు. తెలంగాణ రాష్ట్ర మత్స్యమైన కొర్రమీను కూడా సంతానాన్ని కాచే చేపే. వానలు పడి చెరువు నిండినాక నాచు నడుమ చోటు చేసుకుని, తేలే గుడ్లను, ఆపైన ఎర్రని ముద్దలాగా కదిలే పిల్లలగుంపును కనిపెట్టుకుని ఉంటుంది. ఆ ఎర్రముద్ద ఎక్కడ తేలితే అక్కడ అడుగున పెద్దచేప ఉంటుందని చెరువుగట్టున పెరిగిన కుర్రవాళ్ళకు ఎవరూ చెప్పనక్కరలేదు. కప్పపిల్లను గుచ్చి గాలం వేస్తే అది కోపంతో వచ్చి పడుతుంది. పెద్దచేప ఇంటికి చేరుతుంది, పిల్లలగుంపు మిగతా చేపల పాలవుతుంది. ఒపియోంగో ఒడ్డుకూ తెలుగు చెరువుగట్టుకూ నీటి చలిలో తేడా ఉన్నది గాని, గాలం పట్టిన చేతి ముందున్న ప్రశ్నలో తేడా లేదు.

బాస్‌ను తమ నీటి చేపగా ఎంచి కాపాడుకునే సరస్సుల్లో నిదానమైన వేటగాళ్ళు ఈ ప్రశ్నకు తమదైన సమాధానం చెప్పుకున్నారు. జూన్ మొదట ఒడ్డున నడిచేటప్పుడు తెల్లని వలయం కంటబడితే ఒక్క క్షణం నిలిచి చూసి, దాటిపోతారు. పిల్లవాడు వెంట ఉంటే నీడలాగా నిలిచిన ఆ చేపను వేలితో చూపిస్తారు. కర్ర మాత్రం దించరు. వారికి సెప్టెంబరు ఉన్నది. మేపుల్ ఆకులు ఎర్రబడుతూ, నీరు మళ్ళీ చల్లబడుతున్న ఆ దినాల్లో బాస్ చలికాలానికి ఒళ్ళు చేసుకోవడానికి రాళ్ళ వెంట క్రేఫిష్‌లను వేటాడుతూ తిరుగుతుంది. అప్పుడు అది నిజమైన ఆకలితో ఎరను కరుస్తుంది. పట్టడానికి నిజమైన నేర్పు కావాలి. ఆనాడు పట్టిన చేప వెనుక గూడు ఉండదు. దాన్ని వండుకున్నా, తిరిగి నీటిలోకి వదిలినా, లెక్క ఆ ఒక్క చేపతోనే ముగుస్తుంది.