65 ఏళ్లు పైలట్‌కు హామీ కాదు

పైలట్‌కు 65 ఏళ్ల దాకా లక్షల్లో జీతం వస్తుంది కనుక పదవీ విరమణ సంగతి ఆ వయసు దగ్గరపడ్డాక చూసుకోవచ్చన్న నమ్మకం, బన్సీలాల్‌పేట్ వంటి హైదరాబాద్ పేటల్లో అప్పు చేసి పిల్లలను బేగంపేట విమాన శిక్షణ సంస్థకు పంపాలనుకునే మధ్యతరగతి ఇళ్లలోనూ బలంగా పాతుకుపోయింది. ఇది కుటుంబాలను నిలువునా ముంచగల నమ్మకం.

అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ 2006లో 60 నుంచి 65కు పెంచినది గరిష్ఠ వయోపరిమితిని మాత్రమే; అంతవరకు నడపనిస్తామని అది ఎవరికీ మాట ఇవ్వలేదు. పైలట్ ఉద్యోగం నిజంగా నిలిచేది ‘మెడికల్’ మీద, అంటే చూపు, వినికిడి, రక్తపోటు, గుండె పనితీరు పరీక్షించి ఇచ్చే ప్రథమ శ్రేణి వైద్య ధ్రువపత్రం మీద. 60 దాటాక ఆరు నెలలకోసారి దాన్ని కొత్తగా సంపాదించుకోవాలి. ఇసిజిలో తేడా కనిపించి ‘తాత్కాలికంగా అన్‌ఫిట్’ అని రాస్తే, 48 ఏళ్ల కెప్టెన్ అయినా ఆ రోజు నుంచే విమానం ఎక్కి నడపలేడు. ఎగిరిన గంటలను బట్టి వచ్చే అలవెన్సు ఆగిపోతుంది, ఇంటి వాయిదా మాత్రం ఆగదు.

ఉద్యోగం చివరిదాకా ఉంటుందన్న భరోసాకు మూలం పాత కాలంలో ఉంది. బేగంపేట కేంద్రంగా నడిచిన డక్కన్ ఎయిర్‌వేస్ 1953 జాతీయీకరణలో ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయాక, పైలట్‌కు తన సంస్థ మూతపడుతుందన్న భయం లేకుండా పోయింది. ఆ రోజులు గతించాయి. కింగ్‌ఫిషర్ 2012 అక్టోబరులో, జెట్ ఎయిర్‌వేస్ 2019 ఏప్రిల్ 17న, గో ఫస్ట్ 2023 మేలో ఎగరడం మానేశాయి. జెట్ ఉద్యోగులు భవిష్యనిధి, గ్రాట్యుటీ బకాయిల కోసం కోర్టుల చుట్టూ తిరగవలసి వచ్చింది.

పింఛను ఆదుకుంటుందనుకోవడమూ భ్రమే. ఉద్యోగుల పింఛను పథకంలో లెక్కకు తీసుకునే జీతానికి పరిమితి నెలకు 15,000 రూపాయలు. దాన్ని సర్వీసు సంవత్సరాలతో హెచ్చించి 70తో భాగిస్తారు కనుక, ఆ పరిమితి మేరకే చందా కట్టినవారికి 30 ఏళ్ల సర్వీసుకు రెండేళ్ల వెయిటేజీ కలిపినా నెలకు 7,000 దాటదు. 2014 సెప్టెంబరు తర్వాత అంతకు మించిన జీతంతో కొత్తగా చేరినవారికి ఆ పథకమే వర్తించదు. చట్టం కచ్చితంగా ఇప్పించే గ్రాట్యుటీకి కూడా 20 లక్షలే గరిష్ఠం.

కాబట్టి పైలట్ ఎప్పుడు విరమించగలడన్నది వయసు తేల్చే విషయం కాదు. శిక్షణ అప్పు, ఇంటి అప్పు తీరి, లైసెన్స్ పోతే పరిహారమిచ్చే బీమా చేతిలో ఉండి, జీతం లేకుండా ఇల్లు గడిచేంత పొదుపు కూడిన రోజే ఆ రోజు. పిల్లలను ఈ వృత్తిలోకి పంపుతున్న తల్లిదండ్రులు ఈ లెక్కను మొదటి జీతం నాడే వారి చేత వేయించాలి.