బిల్లు రాలేదన్న సాకు జీతానికి చెల్లదు

ఆరోగ్య బీమా పథకాల కింద ఆసుపత్రులకు రావలసిన సొమ్ము నెలల తరబడి నిలిచిపోవడం కొత్త విషయమేమీ కాదు. 2025లో ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్యసేవను, తెలంగాణలో ఆరోగ్యశ్రీని ప్రైవేటు ఆసుపత్రుల సంఘాలు బకాయిల కోసం నిలిపివేసిన సంగతి పాఠకులకు విదితమే. ప్రభుత్వాలతో చర్చలు జరిగాయి, కొంత సొమ్ము విడుదలైంది, సేవలు తిరిగి మొదలయ్యాయి. చేసిన చికిత్సకు డబ్బు అడగడం న్యాయమే, కాదనము. అయితే ఈ బేరసారాల మధ్య, రోగికి మత్తుమందిచ్చిన డాక్టరుకూ, రాత్రంతా మేలుకొని కనిపెట్టుకున్న నర్సుకూ, ల్యాబ్ టెక్నీషియనుకూ నిలిచిపోయిన జీతాల ప్రస్తావన మాత్రం మా చెవిన పడలేదు.

“ప్రభుత్వం నుండి బిల్లులు రాలేదు, వచ్చాక ఇస్తాము” అన్న మాట నేడు అనేక ఆసుపత్రులలో జీతాల రోజున వినిపించే మంత్రమైపోయింది. బిల్లులు సకాలంలో వచ్చిన నెలలలో లాభాన్ని సిబ్బందితో పంచుకున్న యాజమాన్యం ఏదైనా ఉంటే మాకు తెలియజేయవలసిందిగా కోరుతున్నాము. లాభం యజమానిదీ, జాప్యం నర్సుదీ అనే ఈ లెక్కను చట్టం అంగీకరించదు.

లేబర్ కోడ్‌ల పట్ల మా వ్యతిరేకత ఏమాత్రం తగ్గలేదు. అయినా చేతికందిన ఆయుధాన్ని వదలుకోవడం తెలివి కాదు. 1936 నాటి వేతన చెల్లింపు చట్టం నెలకు 24,000 రూపాయలు దాటిన వారికి వర్తించేది కాదు. అందువల్ల సీనియరు నర్సులు, ఉద్యోగ డాక్టర్లు ఆ గడప తొక్కలేకపోయేవారు. 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన 2019 వేతన కోడ్‌లో ఆ పరిమితి లేదు. నెల జీతం మరుసటి నెల 7వ తేదీ దాటకుండా చెల్లించి తీరాలి. యజమానికి ఇతరుల నుండి డబ్బు వచ్చిందా లేదా అన్న ప్రశ్నకు అందులో చోటు లేదు. జీతం ఎగవేస్తే 45వ సెక్షను కింద మూడేళ్లలోగా క్లెయిము వేయవచ్చు. అధికారి బకాయితోపాటు దానికి పది రెట్ల దాకా నష్టపరిహారం విధించవచ్చు. అన్నిటికంటె ముఖ్యమైనది, ఉద్యోగి సభ్యుడుగా ఉన్న రిజిస్టరైన యూనియనే ఆ క్లెయిము వేయవచ్చు, పలువురి తరఫున ఒకే దరఖాస్తు చాలు. ఉద్యోగం పోతుందన్న భయంతో ఒంటరిగా సంతకం పెట్టలేని నర్సుకు ఇది ఎంత ధైర్యమో వేరే చెప్పనక్కరలేదు.

కేసుకింతని ఫీజు తీసుకునే విజిటింగ్ డాక్టర్ల, ఫిజియోథెరపిస్టుల సంగతి వేరు. వారు జీతగాళ్లు కారు గనుక వేతన కోడ్ వారికి అక్కరకు రాదు. వారికి 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల చట్టం ఉన్నది. ఉద్యమ్‌లో సూక్ష్మ లేక చిన్న సంస్థగా నమోదైన వృత్తి నిపుణునికి ఫీజు చెల్లించే గడువు, ఒప్పందంలో ఏమి రాసుకున్నా, 45 రోజులకు మించరాదు. మించితే రిజర్వు బ్యాంకు ప్రకటించిన బ్యాంకు రేటుకు మూడు రెట్ల చక్రవడ్డీ నెలనెలా లెక్కగట్టి ఇవ్వాలి. వివాదాన్ని రాష్ట్ర ఫెసిలిటేషన్ కౌన్సిలు ముందుంచవచ్చు. కౌన్సిలు తీర్పును సవాలు చేయదలచిన ఆసుపత్రి ముందుగా 75 శాతం సొమ్ము జమ కట్టాలి. అయితే సేవ అందించడానికి ముందే నమోదై ఉండడం క్షేమం. బకాయి పడ్డాక పరుగెత్తితే చిక్కులు తప్పవు.

నమోదు కాని వారికి సివిలు దావాయే దారి. దానికీ సాధారణంగా మూడేళ్ల గడువే. గడువు తీరకముందు ఆసుపత్రి బకాయిని ఒప్పుకొంటూ సంతకంతో ఒక ఉత్తరం ఇచ్చినా ఆ మూడేళ్లు మళ్లీ మొదటినుండి లెక్కకు వస్తాయి. నోటిమాటగా ఇచ్చే హామీలకు ఆ బలం లేదు. కనుక శాఖా కార్యదర్శులు ఈ నెలలోనే ప్రతి ఆసుపత్రిలోనూ సభ్యులవారీగా బకాయిల జాబితా తయారుచేసి, నియామక పత్రాలు, డ్యూటీ రోస్టర్లు, బ్యాంకు పాస్‌బుక్ నకళ్లు జతపరచాలి. అన్నిటికంటె పాత బకాయి తేదీని జాబితాలో మొదట రాయాలి. గడువు దగ్గరపడిన క్లెయిములను ముందు వేయవలసి ఉంటుంది.